బోరింగు నీళ్లు, వెండి కార్బీను

అమలాపురం బస్టాండులో రాజోలు బస్సెక్కండి. కిటికీ పక్క సీటు చూసుకోండి. బోడసకుర్రు వంతెన మీదికి వచ్చేసరికి వైనతేయ గోదావరి రెండు వైపులా విచ్చుకుంటుంది. వంతెన దిగితే పాశర్లపూడి. 1995 జనవరి 8న ఇక్కడ ఓఎన్‌జీసీ బావి ఒకటి బ్లోఅవుటయింది. 65 రోజులు మండి, మార్చి 15కు గాని లొంగలేదు. ఊరి పేరు వినపడగానే పక్క సీటాయన మీవైపు తిరుగుతాడు. "అప్పుడు మేం చిన్నోళ్లమండి. రాత్రా పగలా అన్నదే తెలిసేది కాదు, అంత వెలుతురు!" అంటాడు.

ఆ మంట చూసిన తరం ఇంకా ఇక్కడే ఉంది. నేల కింద గ్యాసు ఉందని అందరికీ తెలుసు కాబట్టి నీళ్లలో కాస్త తేడా కనబడితే అనుమానం ముందు అటే పోతుంది. అనుమానపడటంలో తప్పేమీ లేదు. తేల్చుకునే దారి ఉండాలి, అంతే. మీ సంచిలో ఖాళీ సీసాలు పెట్టుకున్నది అందుకే.

రాజోలు, మలికిపురం దాటి సముద్రం వైపు కాస్త పోయాక దిగండి. కాలవగట్టు వెంట నడవాలి. రెండు పక్కలా కొబ్బరి తోటలు, మధ్య మధ్య బోదెల్లో నిలిచిన నీళ్లు, డొక్కలు ఎండబెట్టిన పాకలు. రామకోవెల పక్కన బోరింగు కనిపిస్తుంది. బోరింగుకంటే ముందు దాని గట్టు కనిపిస్తుంది: సిమెంటు మీద నీళ్లు పారినంత మేరా ఎర్రటి మరక, అంచుల్లో పసుపు.

ఒకావిడ బిందె పెట్టి కొడుతోంది. మీరు సీసా తీయగానే ఆపి చూస్తుంది.

"నీళ్లు సీసాలో పడతన్నారేంటండీ?"

"పరీక్షకమ్మా."

"పరీక్ష దేనికండీ? అన్నం వండితే పచ్చగా వత్తాది, టీ పెడితే నల్లగా వత్తాది. తెల్లబట్ట ఉతికితే ఇంక అది తెల్లబట్ట కాదు. ఆయ్!"

ఆవిడ చెప్పినవి మూడూ పరీక్షలే. పుస్తకంలో లేకపోయినా ఫలితం సరిగ్గానే వచ్చింది: ఈ నీళ్లలో ఇనుము ఉంది. "తాగడానికి కాదండి, వాడకానికే. తాగడానికి ట్యాంకీ నీళ్లు. వేసంకాలం కాలవలు కట్టేశారంటే మటుకు ఇయ్యే గతి," అని బిందె చంకనెత్తుకుంటుంది.

ఇప్పుడు ఒక గాజుగ్లాసు తీసి బోరింగు కింద పెట్టండి. నాలుగు దెబ్బలు కొట్టి వదిలేశాక పట్టండి. గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తే నీళ్లు తేటగా ఉంటాయి. ముక్కు దగ్గర పెడితే మాత్రం తడిసిన మేకు వాసన. గట్టు మీద పెట్టి కాసేపు ఆగండి. ముందు పాలవిరుగుడు ఛాయ, తర్వాత లేత పసుపు, చివరికి అడుగున ఎర్రటి మడ్డి. నీళ్లలో ఏమీ కలపలేదు, గాలి తగిలింది, అంతే.

ఈ డెల్టా అంతా గోదావరి మోసుకొచ్చి పోసిన ఒండ్రు. మట్టి రేణువుల చుట్టూ తుప్పు పొర ఉంటుంది. ఆ మట్టితోపాటే ఆకూ అలమూ కూడా పూడిపోయాయి. కింద గాలి ఆడదు. అక్కడ బతికే సూక్ష్మజీవులు కుళ్లిన ఆకును తింటూ, ఆక్సిజన్ దొరక్క ఆ తుప్పుతో పని నడుపుకుంటాయి. దాంతో గట్టిగా అంటుకుని ఉన్న ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి నీళ్లలో కరుగుతుంది. కరిగినంతసేపూ కంటికి కనపడదు. బోరింగు మూతి దాటి గాలి పీల్చగానే మళ్లీ ఫెర్రిక్ అయి ఎర్రగా దిగిపోతుంది.

బోరింగు పక్కన నీళ్లు నిలిచిన గుంట దగ్గర వంగండి. పైన రంగురంగుల తెట్టె మెరుస్తోంది. పాశర్లపూడి గుర్తొచ్చి గుండె ఝల్లుమంటుంది, డీజిలేమో అని. ఒక కొబ్బరి ఈనె తీసుకుని ఆ తెట్టెను గీయండి. పెంకుల్లా పగిలి, ముక్కలు ఎక్కడివక్కడే నిలిచాయా, అది ఇనుము తినే బాక్టీరియా కట్టిన పొర. గీసిన గీత మూసుకుపోయి మళ్లీ ఒకటైందా, అప్పుడు నూనె సంగతి ఆలోచించాలి. ఇక్కడ పగిలింది. ఈనెకు ఖర్చేమీ లేదు, ఒక పెద్ద అనుమానం తీరింది.

కోవెల వెనక జామచెట్టు ఉంది. రెండు లేతాకులు తెంపి, అరచేతిలో పసరు వచ్చేదాకా నలిపి, కొత్తగా పట్టిన గ్లాసులో వెయ్యండి. ఆకు చుట్టూ నీళ్లు ముందు బూడిద రంగు తిరిగి, తర్వాత నల్లటి ఊదాలోకి దిగుతాయి. ఆకులోని టానిన్లు ఇనుమును పట్టుకున్నాయి. మన పాత తాటాకుల కాలం తర్వాత కాగితం మీద రాసిన సిరా ఇదే పద్ధతి, కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం. పెడన, శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు ఇప్పటికీ తుప్పుముక్కలు బెల్లంనీళ్లలో నానబెట్టి కసిం అనే ద్రావణం తయారుచేస్తారు. కరక్కాయలో ముంచిన గుడ్డ మీద దాంతో గీత గీస్తే కలం ఎత్తేలోగా నలుపెక్కుతుంది. రోమన్ రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలోనే రాశాడు, రాగి చిలుములో అన్నభేది కల్తీ చేశారో లేదో చూడాలంటే మాచికాయ రసంలో నానబెట్టిన పపైరస్ ముక్క చాలని. నల్లబడితే కల్తీ. లోహ అయాన్లను పట్టే పద్ధతుల్లో రాతలో దొరికినవాటిలో అది చాలా పాతది.

సీసాలు అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించండి. ఎండ ఎక్కకముందే వెనక్కి, అమలాపురం.

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు తలుపు తీయగానే వచ్చే వాసన బీఎస్సీ చదివినవాళ్లెవరూ మర్చిపోరు. సాల్ట్ అనాలిసిస్ వాసన అది, గ్యాసు తీసే కిప్పు ఉపకరణం మూలన పడిపోయినా గోడలు వదల్లేదు. మాష్టారు మీ సీసా అందుకుని ఇంకా ఎర్రబడలేదని సంతోషిస్తారు. ఆయన పీహెచ్‌డీ కార్బీన్ల మీద. ఇక్కడ మాత్రం రోజూ పిల్లలకు టైట్రేషన్లు చెప్పుకుంటూ ఉంటారు.

"ముందు పాత పద్ధతి చూద్దామండి," అని గొట్టాలు కడుగుతారు. మీ నీళ్లు కొలిచి పోసి, ఆమ్లం వేసి, హైడ్రాక్సిలమిన్ కలుపుతారు. గాలి తగిలి ఫెర్రిక్ అయిపోయినదాన్ని అది తిరిగి ఫెర్రస్ చేస్తుంది. తర్వాత బఫరు. చివర ఫినాంత్రొలిన్ చుక్కలు. మొదటి చుక్క పడ్డచోట నారింజ తీగ ఒకటి కిందికి సాగుతుంది. గొట్టాన్ని రెండుసార్లు తిప్పగానే అంతా పండుబారిన ఎరుపు. మూడు ఫినాంత్రొలిన్లు ఒక ఇనుము అయాన్ను అన్నివైపులా చుట్టేశాయి. ఆ రంగు 510 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగుతుంది, ఎంత మింగిందో కొలిస్తే ఎంత ఇనుమో తెలుస్తుంది. ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే నాలుకకీ బట్టకీ తెలిసిపోతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము మించకూడదు. లీటరుకు 1 మిల్లీగ్రాము ఇనుముతో చేసి ఉంచిన గొట్టం పక్కన మీ గొట్టం పెడతారు. మీది ముదురుగా ఉంది.

రంగు ముదురుని బట్టి పాళ్లు చెప్పడంలో మనవాళ్ల చెయ్యీ ఉంది. వశిష్ఠ గోదావరి అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ పద్ధతి అలాంటిదే. అక్కడ వచ్చేది నీలం.

"మరి కార్బీనో?" అంటారు మీరు.

మాష్టారు స్టూలు లాక్కుంటారు. "డీఎంజీ గుర్తుందాండీ? నికెల్‌కి గులాబీ ఎరుపు వచ్చేది? అది 1905లో లెవ్ చుగయేవ్ అనే రష్యా ఆయన పట్టుకున్నది. అదే చుగయేవ్ 1915లో ప్లాటినం లవణానికి మిథైల్ ఐసోసయనైడు, హైడ్రజీన్ కలిపి ఎర్ర స్ఫటికాలు తీశాడు. అవేంటో ఆయనకి అర్థం కాలేదు. 1922లో టైఫాయిడ్‌తో పోయాడు. 1970లో నిర్మాణం తేల్చితే తెలిసింది, అది లోహ కార్బీన్ కాంప్లెక్సు అని!"

లోహాన్ని రంగుతో పట్టే కారకమూ, లోహ కార్బీనూ ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయి, రెండోది ఆయనకే తెలియకుండా. అందుకే లోహ కార్బీన్లు పుట్టింది 1964లో మ్యూనిక్‌లో, ఫిషర్ ల్యాబులో, అని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తే నాకు కొంచెం చివుక్కుమంటుంది. ఫిషర్ తెలిసి చేశాడు, ఆ గౌరవం ఆయనదే. ముందు వచ్చింది మాత్రం చుగయేవ్ ఎర్ర ఉప్పు.

మాష్టారు నల్లబల్ల మీద అయిదు మూలల చట్రం గీస్తారు. రెండు మూలల్లో నత్రజని, ఆ రెండింటి నడుమ ఒక కార్బన్. మామూలుగా కార్బన్‌కు నాలుగు బంధాలుంటాయి. ఇక్కడ ఆ రెండు నత్రజనులతో తప్ప ఇంక దేనితోనూ బంధం లేదు, పైన రెండు ఎలక్ట్రాన్లు జంటగా ఉండిపోయాయి. అదీ కార్బీన్. ఒంటరిగా ఉంటే దొరికినదాని మీద పడుతుంది, ముఖ్యంగా నీటి మీద. పక్కనున్న నత్రజనులు కొంత ఎలక్ట్రాన్ల అండ ఇస్తాయి కాబట్టి ఈ రకం కాస్త నిలుస్తుంది. 1991లో డ్యూపాంట్ కంపెనీలో ఆర్డువెంగో ఇలాంటిదాన్ని స్ఫటికంగా తీసి సీసాలో పెట్టేదాకా చాలామంది నమ్మలేదు. ఆ స్ఫటికాలు 240 డిగ్రీల దాకా కాచినా చెడకుండా కరిగాయి.

ఆ ఎలక్ట్రాన్ జంటను లోహానికి అప్పజెప్పితే కాంప్లెక్సు తయారవుతుంది. ఇది చాలా గట్టి పట్టు. వెండితో చేసే దారి 1998లో తైవాన్‌లో వాంగ్, లిన్ చూపించారు. మాష్టారు తన పరిశోధన రోజుల సంగతి చెబుతుంటే మీకు ఆ ఫ్లాస్కు కళ్ల ముందే కనపడుతుంది. ఇమిడజోలియం లవణం ద్రావణంలోకి సిల్వర్ ఆక్సైడు, బొగ్గుపొడి రంగులో. వెలుతురు తగలకుండా అల్యూమినియం రేకు చుట్టి రాత్రంతా కలిపితే, పొద్దున్న రేకు విప్పేసరికి నలుపు చాలావరకు పోయి ఉంటుంది. వడపోస్తే తేట ద్రావణం, ఆవిరి చేస్తే తెల్లటి పొడి.

ఆ పొడి చిటికెడు ఆయన దగ్గర ఇంకా ఉంది. బీరువాలోంచి చిన్న వయలు తీసి, అసిటోనైట్రైల్‌లో కరిగించి, కిటికీ తలుపులు మూసి, అతినీలలోహిత దీపం వేస్తారు. గదిలో మీ చొక్కా గుండీలు తెల్లగా మెరుస్తాయి. వయల్లో నీలం వెలుగు. కార్బీనుకు తోకగా తగిలించిన ఆంత్రసీన్ ఇస్తున్న వెలుగు అది.

వేరే లోహం అయాన్ వచ్చిందనుకోండి. ఒక రకంలో అది కార్బీన్ పక్కనున్న చేతులను పట్టుకుని వెలుగును ఆర్పేస్తుంది. ఇంకో రకంలో లోపలి లోహాన్ని నెట్టేసి తానే కూర్చుంటుంది. వెండిని తోసి పాదరసం చేరడం అలాంటిదే. అన్నిటికన్నా అందమైనది మూడో రకం. ఒక ధనావేశం ఉన్న రెండు బంగారు పరమాణువులు దగ్గరికి జరిగితే కొత్త వెలుగు పుడుతుంది. హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో వివియన్ యామ్ బృందం 1990ల చివర్లో దీన్నే వాడుకుంది. రెండు బంగారాలకీ చెరొక క్రౌన్ ఈథర్ అనే ఉంగరం తగిలించారు. పొటాషియం అయాన్ ఆ ఉంగరం చిల్లులో పట్టదు. అందుకని ఆత్రేయపురం పూతరేకు పొరల మధ్య బెల్లప్పొడి ఇరుక్కున్నట్టు రెండు ఉంగరాల నడుమ ఇరుక్కుంటుంది. వాటితోపాటు బంగారాలూ దగ్గరపడి ఎర్రటి వెలుగు మొదలవుతుంది. అవి కార్బీన్లు కావు, సూత్రం మాత్రం అక్కడ కళ్లకు కట్టింది. కార్బీన్ల వైపు అమెరికాలో, నెవాడా విశ్వవిద్యాలయంలో, విన్సెంట్ కటాలనో బృందం పిరిడీన్ చేతులున్న బంగారు కార్బీన్లతో వెండి అయాన్లను పట్టి, బంగారం పక్కనే వెండిని నిలబెట్టి, వెలిగించింది.

"ఇంత తెలివైన వస్తువు ఉండగా మా బోరింగు నీళ్లు ఇందులో వెయ్యచ్చు కదండీ?" అని మీరు అడిగే తీరతారు. మాష్టారు నవ్వి, "వేద్దాం," అంటారు.

మూడు చిన్న గొట్టాల్లో ఆ నీలం ద్రావణం సమంగా పోస్తారు. మొదటిది అలాగే ఉంచుతారు. రెండోదానిలో శుద్ధజలం. మూడోదానిలో మలికిపురం అవతలి మీ బోరింగు నీళ్లు, సమానంగా. దీపం కింద చూడండి. మొదటిది వెలుగుతోంది. మూడోది మసకబారి పాలరంగు తిరిగింది. "దొరికింది, ఇనుము!" అని నోటిదాకా వస్తుంది. రెండోదాని వైపు చూడండి. అదీ మసకబారింది, అంత కాకపోయినా.

"నీళ్లే దీనికి పడవండి," అంటారు మాష్టారు. "ఇది నీళ్లలో కరగదు, విరిగి తేలిపోద్ది. ఆపైన మీ ఊరి నీళ్లలో ఉప్పు. క్లోరైడు వచ్చి వెండిని లాగుతుంది. మూడోది ఎక్కువ తెల్లబడింది అందుకే అనుకుంటున్నాను. ఇనుము పసుపుదనం కొంచెం దీపం కాంతిని మింగి ఉంటుంది. ఇన్నిట్లో మీకు కావలసిన జవాబు ఏది?"

శుద్ధజలం పోసిన ఆ రెండో గొట్టం లేకపోతే మీరు ఇనుము దొరికిందనే సంబరంతో ఊరెళ్లేవారు. పరిశోధన పత్రాల్లో వెలిగే సెన్సార్లను చాలామటుకు శుద్ధమైన ద్రావకంలో, ఒక్కో లోహ లవణాన్నీ విడివిడిగా వేసి చూపిస్తారు. సఖినేటిపల్లి, ఉప్పలగుప్తం, అల్లవరం వైపు నీళ్లలో అన్నీ ఒక్కసారే ఉంటాయి: సముద్రపు ఉప్పు, సున్నం, ఇనుము, ఆకుల రసాలు. అసిటోనైట్రైల్‌లో పాసయిన అణువు కోనసీమలో పాసయినట్టు కాదు. నా మటుకు, నీటి సెన్సారు అని పేరు పెట్టుకున్న ప్రతి అణువూ ఒక ఉప్పుబోరు నీళ్లలో నిలిచి చూపించాలి.

కార్బీనుకీ నీటికీ పడదన్నది మరీ గట్టి నియమం కాదని మాత్రం మన ఒంటికి ఎప్పటినుంచో తెలుసు. మన శరీరంలో బీ1 విటమిన్, అంటే థయమిన్, పనిచేసేటప్పుడు కాసేపు కార్బీన్ రూపం ఎత్తుతుందని రొనాల్డ్ బ్రెస్లో 1958లో ప్రతిపాదించాడు. ఒంట్లో ఉన్నది నీళ్లే కదా, ఎలా కుదిరిందన్నది ప్రశ్న. ఆ విటమిన్ కరువు ఎలా ఉంటుందో ఈ తీరానికి బాగా తెలుసు. మిల్లు బియ్యం వచ్చాక ఉత్తర సర్కారుల్లో బెరిబెరి తిష్ట వేసింది. కూనూరు పోషకాహార ప్రయోగశాల నుంచి అయిక్రాయిడ్, కృష్ణన్ ఆ ప్రాంతంలో పసిపిల్లల మరణాల మీద 1941లో పత్రం ప్రకటించారు. ఆ ప్రయోగశాలే తర్వాత హైదరాబాదుకు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. దంపుడు బియ్యపు తవుడులో ఉన్నది ఈ కార్బీన్ అవతారమేనని అప్పటికి ఎవరికీ తెలియదు.

బ్రెస్లో మాటకు బలమైన సాక్ష్యం 2025లో వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో విన్సెంట్ లవల్లో బృందం క్లోరిన్ తొడిగిన కార్బొరేన్ల చాటున ఒక కార్బీన్‌ను దాచి, నీళ్లలో నెలల తరబడి చెక్కుచెదరకుండా నిలిపింది. సైన్స్ అడ్వాన్సెస్‌లో వచ్చిన ఆ పత్రం మొదటి రచయిత వరుణ్ తేజ్ రావిప్రోలు. ఆ ఇంటిపేరు చదివి మాష్టారు కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నారట. మరోపక్క, నీళ్లలో కరిగే సల్ఫోనేటు గుంపులు తగిలించిన లోహ కార్బీన్లు కూడా ల్యాబుల్లో తయారవుతున్నాయి. దారి మూసుకుపోలేదు.

ఇలా వెలిగే సెన్సారు అవసరం ఉన్నది ఇనుముకు కాదు. ఇనుము తన సంగతి తానే చెప్పుకుంటుంది, బట్ట మీద, టీ గ్లాసులో, జామాకు పసరులో. సీసం, పాదరసం అలా చెప్పుకోవు. నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, పాదరసం 0.001 మిల్లీగ్రాము మించకూడదని ప్రమాణం. ఆ పాళ్లలో రంగూ లేదు, రుచీ లేదు. వాటికి ఇవాళ పెద్ద యంత్రాలున్న ల్యాబుకు సీసా పంపాల్సిందే. చేతిలో పట్టే వెలుగు గొట్టం ఎప్పటికైనా వస్తే వాటి కోసం రావాలి.

ఈలోగా చేతిలో ఉన్నది వాడుకుందాం. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురికి, వీలైనంతవరకు ఆడవాళ్లకే, నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పించాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురూ ఎవరో పంచాయతీలో అడగండి. కాలవలు కట్టేసే వేసవిలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి బోరింగు నీళ్లు చూపించండి. నీళ్లు కాసేపు కొట్టి వదిలేశాకే సీసా పట్టండి, మూతకింద గాలి ఉంచకండి. కిట్టు విప్పినప్పుడు మందు సీసాల మీద గడువు తేదీ చదవండి. అది దాటిపోయి ఉంటే, వచ్చిన రంగు ఎంత బాగున్నా నమ్మకండి.